ప్రిప్రింట్‌ని ఎవరి చేతుల్లో పెట్టాలి? ఒక పేపర్ విషయంలో మేం చేసిన ఎంపిక

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నా పని పరిశోధకులకు ప్రచురణ విషయాల్లో తోడుగా ఉండటం. జర్నల్ నియమాలు చదివి చెప్తాను, కాపీరైట్ ఒప్పందంలో ఏం రాసి ఉందో విడమర్చి చెప్తాను, డేటాను ఎక్కడ భద్రపరచాలో చూపిస్తాను. నా దగ్గరికి వచ్చిన పేపర్లలో ఈ ఒక్కదాని గురించి వివరంగా రాసిపెట్టాలనిపించింది. ప్రిప్రింట్ సర్వర్‌ని, అంటే తోటి నిపుణుల పరిశీలన (రివ్యూ) పూర్తికాకముందే పేపర్‌ని అందరికీ చదవడానికి పెట్టే సైట్‌ని, ఎంచుకునేటప్పుడు ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ దీంట్లోనే వచ్చాయి. రచయితల అనుమతి తీసుకున్నాను. వాళ్ల పేర్లు, జర్నల్ పేరు, ఆనవాలు పట్టించే వివరాలు ఇక్కడ ఉండవు.

పేపర్, దాని తొందర

దీర్ఘకాలిక జబ్బుతో మంచం పట్టినవారిని ఇంట్లోవాళ్లే చూసుకుంటున్నప్పుడు, ఆ చూసుకునే మనిషికి రోజులో ఎంత సమయం దానికే పోతోంది, ఆ సమయాన్ని ఏ పని తగ్గించుకుని తెచ్చుకుంటున్నారు అన్నది పేపర్ విషయం. సగం సర్వే లెక్కలు, సగం ఇంటర్వ్యూలు. రచయితలు నలుగురు. మొదటి రచయిత పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఆమె గైడ్ సోషియాలజీ ప్రొఫెసర్. లెక్కలు చేసినది స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు. కుటుంబాలతో పరిచయం కల్పించినది ఒక ప్రజారోగ్య వైద్యురాలు.

పేపర్‌ని అప్పటికే జర్నల్‌కి పంపారు. రివ్యూ ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు. ఆ అమ్మాయికి ఆరు వారాల్లో ఫెలోషిప్ దరఖాస్తు గడువు ఉంది. "మేడమ్, చూపించడానికి ఒక లింక్ అయినా ఉండాలి. ‘జర్నల్‌కి పంపాం’ అని రాస్తే ఎవరు నమ్ముతారు?" అంది. టెన్షన్ ఆమె ముఖంలోనే తెలుస్తోంది. అవసరం నిజమైనదే. రివ్యూ కాకముందే పేపర్‌ని అందరికీ చదవడానికి పెట్టడం, అదే ప్రిప్రింట్, ఇలాంటి సందర్భాలకు బాగా పనికొస్తుంది. తేదీతో సహా రికార్డు ఉంటుంది, చదివి చూసుకునే వీలు ఉంటుంది, దరఖాస్తులో డీఓఐ, అంటే వెబ్ చిరునామా మారినా పేపర్ దగ్గరికే తీసుకెళ్లే శాశ్వత గుర్తింపు, ఇవ్వొచ్చు.

నా దగ్గరికి వచ్చేసరికే ఆమె ఒక సైట్‌లో అప్‌లోడ్ ఫారం సగం నింపేసింది. పరిశోధకులు ప్రొఫైల్ పెట్టుకునే వాణిజ్య సైట్ అది. స్నేహితులందరూ అందులోనే ఉన్నారట. ఆఖరి బటన్ నొక్కొద్దని, ఫారం అలాగే వదిలేయమని చెప్పాను. ఇక్కడి నుంచి అసలు పని మొదలైంది.

ఎందుకు ఆపాను

ఆమె గైడ్‌కి పదేళ్ల క్రితం జరిగింది నాకు తెలుసు. ఆయన అప్పట్లో తన వర్కింగ్ పేపర్లు (ఇంకా జర్నల్‌లో రాని ముసాయిదాలు) ఏడింటిని ఒక ఉచిత సైట్‌లో పెట్టారు. కొన్నాళ్లకు ఆ సైట్ చేతులు మారింది. ముందు చదవడానికి లాగిన్ అడిగింది, తర్వాత లింకులు మారిపోయాయి, చివరికి రెండు పేపర్లు వెతికినా దొరకలేదు. వాటికి డీఓఐలు లేవు. వేరేవాళ్లు తమ వ్యాసాల్లో ఇచ్చిన లింకులు ఇప్పటికీ ఖాళీ పేజీకే వెళ్తాయి. "రాసినవాడిని నేనే అయినా నా పేపర్ నాకే దొరకలేదండీ" అని ఆయన అన్న మాట నేను మర్చిపోలేదు.

ఇలాంటిది ఆయన ఒక్కరికే జరిగిన విషయం కాదు. పేపర్లు పోకపోయినా, పెట్టిన చోటు యజమాని మారిపోవడం ఈ రంగంలో చాలాసార్లు జరిగింది. సోషల్ సైన్స్, న్యాయశాస్త్ర పరిశోధకులు 1994 నుంచి తమ పేపర్లు పెట్టుకున్న ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్‌ని 2016 మేలో ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ కొనేసింది. విశ్వవిద్యాలయాలు తమ రిపాజిటరీల కోసం వాడుకునే బీప్రెస్‌ని 2017లో అదే సంస్థ కొన్నది. రీసెర్చ్ స్క్వేర్ అనే ప్రిప్రింట్ సర్వర్ ఇప్పుడు స్ప్రింగర్ నేచర్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉంది. కొనడం చట్టవిరుద్ధం కాదు, కొన్నవాళ్లు వెంటనే అన్నీ మూసేస్తారనీ నేను అనను. కానీ అమ్మకానికి ముందు రచయితలను ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఆ సైట్ ఆస్తిలో రచయితలకు వాటా లేదు.

ప్రచురణ సంస్థలు తమంతట తామే ఆపేసినవీ ఉన్నాయి. నేచర్ ప్రెసీడింగ్స్ 2007లో మొదలై 2012లో కొత్త పేపర్లు తీసుకోవడం ఆపేసింది. పీర్‌జే ప్రిప్రింట్స్ 2013లో వచ్చి 2019లో ఆపేసింది. ఆ రెండూ పాత పేపర్లను చదవడానికి ఉంచాయి. అది మంచి పద్ధతి. అయినా ఒక విషయం తెలుస్తుంది: సర్వర్ ఆయుష్షు, దాన్ని నడిపేవాళ్ల అవసరం ఉన్నంతకాలమే.

జర్నల్ ఏమంటోంది

సర్వర్ సంగతి చూసే ముందు జర్నల్ నియమం చూడాలి. ఈ క్రమం తప్పితే తర్వాత దిద్దుకోవడం కష్టం. ప్రొఫెసర్‌గారికి దీని మీద పాత భయం ఒకటి ఉంది. "ముందే బయటపెడితే జర్నల్ తిప్పి పంపేస్తుందేమో" అన్నారు. ఆ భయానికి మూలం ఉంది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఎడిటర్ ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ 1969లో, వేరేచోట అప్పటికే వెలువడిన పనిని తాము ప్రచురించబోమని నియమం పెట్టారు. చాలా జర్నళ్లు ఆ దారిలోనే నడిచాయి. ఇప్పుడు ఎక్కువ జర్నళ్లు ప్రిప్రింట్‌ని ముందస్తు ప్రచురణగా లెక్కించవు. అయినా నేను నోటిమాట మీద ఆధారపడను. షెర్పా రోమియో (ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్‌లో కలిసింది) అనే ఉచిత డేటాబేస్‌లో జర్నల్ పేరు కొట్టి చూస్తాను, తర్వాత జర్నల్ సొంత పేజీలో అదే మాట ఉందో లేదో సరిచూస్తాను.

ఈ జర్నల్ విషయంలో రెండుచోట్లా ఒకే మాట ఉంది: రివ్యూకి పంపిన వెర్షన్‌ని లాభాపేక్ష లేని ప్రిప్రింట్ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. వాణిజ్య సైట్ల ప్రస్తావన అనుమతిలో లేదు. ఆ అమ్మాయి ఆ బటన్ నొక్కి ఉంటే నియమం దాటినట్టే అయ్యేది. అది చదివాక ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ నియమం ఆమెకు తెలియకపోవడంలో తప్పేం లేదు, పీహెచ్‌డీ కోర్సులో ఎవరూ ఇది చెప్పరు. చెప్పాలని మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

మరో చిన్న షరతు కూడా కనిపించింది. జర్నల్ ముద్రణ నమూనాలో, అంటే దాని లోగో, పేజీ తీరుతో ఉన్న ఫైల్ పెట్టకూడదు. దీని సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

"లాభాపేక్ష లేనిది" అన్న మాటని ఎలా పరీక్షించాం

పేరుకి ఫౌండేషన్ అని ఉన్నంత మాత్రాన నేను నమ్మను. వెబ్ చిరునామా చివరన ఏముందో దాన్నీ నమ్మను. అకడెమియా అనే సైట్ చిరునామా విద్యాసంస్థలకు ఇచ్చే ఈడీయూతో ముగుస్తుంది. ఆ చిరునామాల మీద ఆంక్షలు రాకముందు, 1999లో రిజిస్టర్ అయింది కాబట్టి అలా ఉండిపోయింది. నడిపేది ప్రైవేటు కంపెనీ.

ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చేది 2015లో జెఫ్రీ బిల్డర్, జెనిఫర్ లిన్, కామెరాన్ నేలన్ రాసిన సూత్రాలు. పాసీ అంటారు. పరిశోధనకు ఆధారమైన ఇలాంటి సేవలను ఎలా నడపాలో అందులో ఉంటుంది. నిర్వహణలో పరిశోధక సమాజానికి మాట ఉండాలి, సంస్థ మూతపడాల్సి వస్తే పద్ధతిగా సర్దుకోవడానికి నిధి పక్కన ఉండాలి, సాఫ్ట్‌వేర్, డేటా తెరిచి ఉండాలి. చివరిదే అన్నిటికన్నా బలమైనదని నా అభిప్రాయం. నడిపేవాళ్లు దారి తప్పినా, అలసిపోయినా, వేరేవాళ్లు మొత్తం ఎత్తుకుని మరోచోట నిలబెట్టగలగాలి. అమ్మేయడం వల్ల లాభం లేకుండా చేసేది అదే.

కాబట్టి ప్రతి సర్వర్ గురించీ మేం ఈ ప్రశ్నలు వేసుకున్నాం. యజమాని ఎవరు? డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? రేపు మూతపడితే ఫైల్ ఎక్కడికి పోతుంది? జవాబు సర్వర్ సొంత పేజీలోనే రాసి ఉండాలి. ఎవరికైనా ఈమెయిల్ పెట్టి అడగాల్సి వస్తే మార్కు తగ్గించాం.

లాభాపేక్ష లేకపోయినంత మాత్రాన డబ్బు ఇబ్బంది ఉండదనుకోవడం కూడా పొరపాటే. సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ తన ఓఎస్‌ఎఫ్ వేదిక మీద చాలా సమాజాల ప్రిప్రింట్ సర్వర్లకు చోటిచ్చింది. ఖర్చులో కొంత భరించమని 2020 నుంచి వాళ్లను అడగడం మొదలుపెట్టింది. అందరూ భరించలేకపోయారు. ఇండోనేషియా పరిశోధకుల ఇనా-ఆర్కైవ్ అక్కడ కొనసాగలేకపోయింది. భూశాస్త్రాల ఎర్త్ఆర్కైవ్ అదే ఏడాది కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీకి తరలింది. ఎర్త్ఆర్కైవ్ తరలింపు నాకు చాలా ధైర్యం ఇచ్చిన ఉదాహరణ. వెబ్ చిరునామా పూర్తిగా మారిపోయింది, కానీ పాత డీఓఐ నొక్కితే పేపర్ కొత్త ఇంట్లో తెరుచుకుంటుంది. ప్రొఫెసర్‌గారి పాత పేపర్లకు లేనిది అదే.

నలుగురు రచయితలు, నాలుగు అభిప్రాయాలు

స్టాటిస్టిక్స్ అధ్యాపకుడిది ఒకటే మాట: "ఆర్కైవ్‌లో పెడదాం. మావాళ్లంతా పొద్దున లేవగానే చూసేది అదే." ఆయన చెప్పే ఆర్కైవ్ పేరుని రాసేటప్పుడు మధ్యలో ఎక్స్ వస్తుంది. అది గ్రీకు అక్షరం కై కాబట్టి పలకడం ఆర్కైవ్ అనే. పాల్ గిన్స్‌పార్గ్ 1991 ఆగస్టులో లాస్ అలమోస్‌లో, భౌతికశాస్త్రంలో ఒక చిన్న శాఖ వాళ్ల కోసం ఈమెయిల్ సర్వర్‌గా మొదలుపెట్టారు. 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. విశ్వవిద్యాలయ మద్దతు, సైమన్స్ ఫౌండేషన్ నిధులు, సభ్య సంస్థల చందాలతో ఇంతకాలం నిలబడింది. ముప్పై ఏళ్లకు పైగా ఆగకుండా నడిచిన సర్వర్ మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

కానీ ఈ పేపర్‌కి అది సొంతిల్లు కాదు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్, ఆర్థికశాస్త్రం లాంటి విభాగాలు అక్కడ ఉన్నాయి, సోషియాలజీకి విభాగం లేదు. స్టాటిస్టిక్స్ అనువర్తనాల కింద పెట్టొచ్చు కానీ, సగం పేపర్ ఇంటర్వ్యూలే. పైగా మొదటిసారి పెట్టేవారికి ఆ విభాగంలో ఉన్నవారి ఎండార్స్‌మెంట్ (సిఫార్సు) అవసరం పడొచ్చు. ఆ అమ్మాయి తర్వాతి పేపర్‌ని ఒక్కతే పెట్టుకోవాలనుకుంటే ముందు ఎవరినో అడుక్కోవాల్సిన చోటు ఆమెకు తగినది కాదనిపించింది.

వైద్యురాలు ఆరోగ్య పరిశోధనల ప్రిప్రింట్ సర్వర్ మెడ్ఆర్కైవ్ అన్నారు. 2019 జూన్‌లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లాబొరేటరీ, యేల్ విశ్వవిద్యాలయం, వైద్య ప్రచురణ సంస్థ బీఎంజే కలిసి మొదలుపెట్టినది. 2025 మార్చి నుంచి జీవశాస్త్రాల బయోఆర్కైవ్‌తో పాటు దీన్ని ఓపెన్ఆర్కైవ్ అనే విడి లాభాపేక్ష లేని సంస్థ చూస్తోంది. ఆరోగ్య విషయాల్లో దాని జాగ్రత్త నాకు నచ్చుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి, నిధుల వివరాలు, ప్రయోజన వైరుధ్యాలు అన్నీ అడుగుతారు. రివ్యూ కాలేదని, చికిత్స నిర్ణయాలకు వాడొద్దని పేజీ మీదే హెచ్చరిస్తారు. ఇది నా మొగ్గులో రెండో స్థానంలో నిలిచింది. వెనక్కి తగ్గడానికి కారణం ఒక్కటే, ఈ పేపర్ వాదన జబ్బు గురించి కాదు. ఇంట్లో జరిగే శ్రమ గురించి, ఆ శ్రమ ఎవరి భుజాల మీద పడుతోందన్న దాని గురించి. దాని మీద వాదించగల పాఠకులు వేరేచోట ఉన్నారు.

నేను మొదట జెనోడో వైపు ఉన్నాను, పేపర్లు, డేటా, కోడ్ ఏదైనా దాచుకునే చోటు అది. 2013లో యూరోపియన్ యూనియన్ నిధులతో మొదలైంది, యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతుంది. అలెగ్జాండ్రియా గ్రంథాలయపు తొలి గ్రంథపాలకుడు జెనోడోటస్ పేరు పెట్టుకుంది. గ్రంథాలయంలో పనిచేసేదాన్ని కాబట్టి ఆ పేరంటే నాకు ఇష్టం. ఒక రికార్డులో 50 జీబీ వరకు పెట్టొచ్చు. ప్రతి వెర్షన్‌కీ ఒక డీఓఐ, అన్ని వెర్షన్లకూ కలిపి ఇంకో డీఓఐ వస్తుంది. సెర్న్ ఉన్నంతకాలం ఉంచుతామని రాసిపెట్టారు. ఇంతకన్నా గట్టి చోటు అరుదు. కానీ అక్కడ పెట్టేముందు ఎవరూ చూడరు. బటన్ నొక్కగానే పేజీ పుడుతుంది. ఫెలోషిప్ కమిటీలో కూర్చున్నవారికి, ఇది విద్యాసంబంధమైన పనేనని ఒక మనిషి ఒకసారి చూశారన్న భరోసా ఉంటే బాగుంటుంది. ఆ సంగతి స్టాటిస్టిక్స్ అధ్యాపకుడే ఎత్తి చూపారు, నేను ఒప్పుకున్నాను.

మిగిలింది సోషల్ సైన్స్ పేపర్ల సర్వర్ సోష్ఆర్కైవ్. ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ అమ్మకం జరిగిన రెండు నెలలకే, 2016 జూలైలో, దీని ప్రకటన వచ్చింది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ సోషియాలజిస్టు ఫిలిప్ కోహెన్ ముందుండి నడిపించారు. ఓఎస్‌ఎఫ్ వేదిక మీద నడుస్తుంది. ఆ వేదిక సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ బహిరంగమే. సంస్థ మూతపడే పరిస్థితి వస్తే దాచిన ఫైళ్లను చదవడానికి అందుబాటులో ఉంచేందుకు సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ 2,50,000 డాలర్లు విడిగా పెట్టింది. ఇప్పటి ఖర్చుల ప్రకారం 50 ఏళ్లకు పైగా సరిపోతుందని వాళ్ల లెక్క. మా మూడో ప్రశ్నకు ఇంత సూటిగా, అంకెతో సహా జవాబు రాసిపెట్టడం చూసి ప్రొఫెసర్‌గారు తల ఊపారు. పైన చెప్పిన 2020 నాటి డబ్బు ఇబ్బంది కూడా ఈ సంస్థదే అని గుర్తుచేశాను. దాచకుండా రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే ఒప్పుకున్నారు.

రెండుచోట్లా పెడదామా అని ఎవరో అడిగారు. వద్దన్నాను. ఒకే పేపర్‌కి రెండు డీఓఐలు పుడితే సైటేషన్లు చీలిపోతాయి, ఒకచోట దిద్దిన తప్పు రెండోచోట అలాగే ఉండిపోతుంది. ప్రిప్రింట్ సోష్ఆర్కైవ్‌లో, విశ్లేషణ కోడ్ జెనోడోలో అని ముగించాం. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉన్న కోడ్‌ని జెనోడోకి కలిపితే ప్రతి విడుదలకీ తనంతట తానే కాపీ తీసి డీఓఐ ఇస్తుంది. స్టాటిస్టిక్స్ అధ్యాపకుడికి అది సంతోషం కలిగించింది.

లైసెన్స్ దగ్గర గంటన్నర

సర్వర్‌ని ఎంచుకోవడానికి పట్టిన సమయం కన్నా ఇక్కడే ఎక్కువ కూర్చున్నాం. అలా కూర్చోవడమే సరైనదని నా ఉద్దేశం. సర్వర్‌ని రేపు మార్చుకోవచ్చు, ఇచ్చేసిన లైసెన్స్‌ని వెనక్కి తీసుకోలేం. తమ పనిని అందరూ వాడుకోవచ్చని ముందే రాసిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఒకసారి కాపీ తీసుకున్నవారికి ఆ హక్కు అలాగే ఉండిపోతుంది.

ఆ అమ్మాయి వాటిలో ఒకటైన సీసీ బై అంటోంది. పేరు చెప్పి ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు అన్నది. పని ఎక్కువమందికి చేరాలంటే అదే మంచిదని ఆమె వాదన, సిద్ధాంతంగా నేనూ అటే. కానీ ఈ జర్నల్ ఒప్పంద నమూనా తెప్పించి చదివితే, అంగీకారం తర్వాత ప్రత్యేక ప్రచురణ హక్కు తమకే ఇవ్వాలని ఉంది. సీసీ బై కింద అప్పటికే అందరికీ ఇచ్చేసిన పనిని మళ్లీ ఒకరికే ఎలా ఇస్తారు? కొన్ని జర్నళ్లు దీన్ని పట్టించుకోవు, కొన్ని పట్టించుకుంటాయి. ఎడిటర్‌కి రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టించాను. మూడో రోజు జవాబు వచ్చింది: ప్రిప్రింట్ ఉండటం అభ్యంతరం కాదు, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ మాత్రం లేకుండా ఉంటే మంచిది.

చివరికి ఏ బహిరంగ లైసెన్సూ లేకుండా, హక్కులు రచయితల దగ్గరే ఉంచుకుని పెట్టాం. ఆమెకు అది నచ్చలేదు. "అందరూ చదవగలరు కదమ్మా, ఇప్పుడు మనకు కావాల్సింది అదే కదా" అని ప్రొఫెసర్‌గారు సర్దిచెప్పారు. కోడ్‌కి మాత్రం ఆమె కోరినట్టే బహిరంగ లైసెన్స్ ఇచ్చాం. దాని మీద జర్నల్‌కి హక్కు ఏమీ లేదు.

అనుబంధంలోని పట్టిక

ఈ కేసులో నన్ను ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేసేది ఇది. ఫైల్‌ని ఆఖరిసారి చూస్తున్నాను. చివర్న అనుబంధం ఉంది, ఇంటర్వ్యూ ఇచ్చినవారి వివరాల పట్టిక. పేర్లు లేవు. కానీ ఒక్కో వరుసలో వయసు, వృత్తి, పిల్లల సంఖ్య, ఇంట్లో ఉన్న రోగి జబ్బు, ఆ జబ్బు ఎన్నేళ్లుగా ఉందో అన్నీ ఉన్నాయి. అందులో ఒక జబ్బు చాలా అరుదైనది. ఆ వరుస చదివితే, ఆ కుటుంబాన్ని ఎరిగినవారు ఎవరైనా ఒక్క క్షణంలో గుర్తుపట్టేస్తారు. పేపర్ లోపల, అదే మనిషి తన అత్తగారి గురించి, భర్త గురించి మనసు విప్పి చెప్పిన మాటలు ఉన్నాయి.

జర్నల్ రివ్యూకి పంపిన ఫైల్‌ని చూసేది కొద్దిమంది. ప్రిప్రింట్‌ని లోకమంతా చూస్తుంది. వెనక్కి తీసుకోవడం అనేది దాదాపు లేనట్టే. ఆర్కైవ్‌లో ఉపసంహరించుకున్నా పాత వెర్షన్లు అందుబాటులోనే ఉంటాయి. ఓఎస్‌ఎఫ్‌లో ఉపసంహరిస్తే ఫలానా పేపర్ ఉండేదన్న పేజీ, కారణంతో సహా మిగులుతుంది. సర్వర్ ఏం చేసినా, అప్పటికే దించుకున్న కాపీని ఎవరి కంప్యూటర్‌లోంచీ తీసేయలేం. శాశ్వతంగా ఉండాలని మేం వెతికి వెతికి ఎంచుకున్న చోటు, పొరపాటుని కూడా అంతే శాశ్వతంగా ఉంచుతుంది.

వైద్యురాలికి ఫోన్ చేస్తే ఆవిడ వెంటనే వచ్చారు. పట్టికని మొత్తం తీసేసి, వయసుని పదేళ్ల తరగతులుగా, జబ్బుల్ని మూడు పెద్ద గుంపులుగా మార్చి, ఎవరి వరుస ఎవరిదో కలపడానికి వీల్లేకుండా విడివిడి మొత్తాలుగా రాశారు. పేపర్‌లోని రెండు ఉల్లేఖనల్లో చిన్న వివరాలు కూడా మార్చారు. ఇదే దిద్దుబాటుని జర్నల్‌కీ పంపించాం. ఇప్పుడు నా దగ్గరికి మనుషుల మాటలతో కూడిన ఏ పేపర్ వచ్చినా ముందు అనుబంధం తెరుస్తాను, ఆ తర్వాతే మొదటి పేజీ.

పెట్టిన రోజు, ఆ తర్వాత

నలుగురూ సరేనని రాసిన ఈమెయిళ్లను ఒకచోట భద్రపరిచాం. రచయితలకు ఆర్కిడ్ సంఖ్యలు జతచేశాం. పదహారు అంకెల ఈ గుర్తింపు వైద్యురాలికి అప్పటిదాకా లేదు, పది నిమిషాల్లో వచ్చింది. అప్‌లోడ్ అరగంటలో అయిపోయింది.

రెండో రోజు మోడరేటర్ (సర్వర్ తరఫున పేపర్లు చూసేవారు) నుంచి వెనక్కి వచ్చింది. పేజీ పైభాగంలో జర్నల్ పేరు ఉంది, ఇది అప్పటికే ప్రచురితమైనదా అని అడిగారు. జర్నల్ ఇచ్చిన వర్డ్ నమూనాలో రాసిన ఫైల్ అది. జర్నల్ షరతు చదివి కూడా ఆ శీర్షికని తీసేయడం మర్చిపోయాం. తప్పు నాదే, ఆఖరిసారి చూసినది నేనే కదా. మామూలు పేజీలోకి మార్చి, మొదటి పేజీ మీద ‘ఇది ఇంకా రివ్యూ కాని ప్రిప్రింట్’ అని తేదీతో రాసి మళ్లీ పంపాం. రెండు రోజులకు డీఓఐ వచ్చింది. గడువుకి ఇంకా రెండు వారాలు ఉండగానే అది దరఖాస్తులో చేరింది.

మోడరేటర్లు అక్కడ పేపర్ నాణ్యతకు తీర్పు ఇవ్వరు. విద్యాసంబంధమైనదేనా, తమ పరిధిలో ఉందా, రచయితల పేర్లు సరిగ్గా ఉన్నాయా, పీడీఎఫ్‌లో అక్షరాలు వెతకడానికి వీలుందా, ఇలాంటివే చూస్తారు. అంతమాత్రం చూపు కూడా మాకు ఒక పొరపాటుని పట్టిచ్చింది.

నెల తర్వాత, ఎవరూ ఊహించని ఈమెయిల్ ఒకటి వచ్చింది. ఇలాంటి సర్వేలు చేసే ఒక పరిశోధకుడు ప్రిప్రింట్ చదివి, కోడ్ దించుకుని నడిపి చూశారు. ఒక పట్టికలో సర్వే వెయిట్లు (ఒక్కో జవాబుకి లెక్కలో ఇచ్చే బరువు) రెండుసార్లు పడ్డాయని మర్యాదగా రాశారు. నిజమే. ఫలితం దిశ మారలేదు కానీ ఒక తేడా పరిమాణం తగ్గింది. స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు ఆ రాత్రే లెక్క మళ్లీ చేశారు. రెండో వెర్షన్ పెట్టాం, ఏం మారిందో మొదటి పేజీలోనే రాశాం, జర్నల్ ఎడిటర్‌కీ తెలియజేశాం. ఆ పాఠకుడికి కృతజ్ఞత తెలపాలని ఆ అమ్మాయే పట్టుబట్టి, ఆయన్ని అడిగి, పేరు చేర్చింది.

పేపర్ తర్వాత జర్నల్‌లో వచ్చింది. ఆ రోజే ప్రిప్రింట్ పేజీలో ప్రచురిత వ్యాసం డీఓఐ నింపాం. చాలామంది వదిలేసే పని ఇది. డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ 2016 చివరి నుంచి ప్రిప్రింట్లను విడి రకంగా నమోదు చేసుకుని ప్రచురిత వ్యాసంతో ముడివేస్తోంది. అయినా పేజీ చూసేవారికి వెంటనే కనిపించాలంటే రచయితే నింపాలి. పాత వెర్షన్ చదివేవారికి దిద్దిన వ్యాసం ఉందని తెలియాలి కదా.

ఈ పని ముగిసిన వారానికి ప్రొఫెసర్‌గారు ఒక పాత హార్డ్ డిస్క్ పట్టుకుని గ్రంథాలయానికి వచ్చారు. పదేళ్ల క్రితం పెట్టిన ఆ ఏడు వర్కింగ్ పేపర్లు అందులో ఉన్నాయి, కనిపించకుండా పోయిన రెండూ సహా. నాలుగింటికి ఆయన ఒక్కరే రచయిత. వాటిని అసలు తేదీలు రాసి, జెనోడోలో పెట్టేశాం. ఇంకోదానికి సహరచయిత అనుమతి వారంలోనే వచ్చింది. మిగిలిన రెండింటి సహరచయితలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కుని ఈమెయిళ్లు పంపాం. వాళ్ల జవాబు వచ్చేవరకు ఆ ఫైళ్లు నా దగ్గరే ఉంటాయి.